నూర్జహాన్ తల్లి చేసిన అత్తరు

గులాబీ అత్తరును ఎవరు కనిపెట్టారని అడిగితే ఎక్కువమంది చెప్పే పేరు నూర్జహాన్. ఆ కథ మనం ఎక్కడో ఒకచోట వినే ఉంటాం. పెళ్ళి వేడుకల కోసం తోటలో కాలువ నిండా పన్నీరు పారించారట. కొత్త పెళ్ళికూతురు చక్రవర్తితో కలిసి గట్టు వెంట నడుస్తూ, ఎండకు నీటి మీద తేలిన సన్నని నూనెతెట్టును చూసి, వేలితో తాకి వాసన చూసిందట. ఒకరు చెప్పినప్పుడు అది కాలువ, ఇంకొకరు చెప్పినప్పుడు కొలను, మరొకరికి స్నానాల తొట్టి. ఏదైనా సరే, కథలో నూర్జహాన్ అందంగా ఉంటుంది, పక్కన జహంగీర్ ఉంటాడు, చుట్టూ వెన్నెలో ఎండో ఉంటుంది. లేనిదల్లా పని ఒక్కటే. ఆ పన్నీరు ఎవరు కాచారు, ఎన్ని పూలు పట్టాయి, ఆ తెట్టును ఎవరు ఎలా తీశారు అన్న ప్రశ్నలు ఆ కథకు అక్కర్లేదు.

ఇదే సంగతిని జహంగీర్ స్వయంగా రాసుకున్నాడు. తన జ్ఞాపకాల గ్రంథం 'తుజుక్-ఎ-జహంగీరీ'లో, పాలన తొమ్మిదో ఏడు అంటే 1614 నాటి వృత్తాంతంలో ఈ ముచ్చట వస్తుంది. అలెగ్జాండర్ రోజర్స్ అనువదించగా హెన్రీ బెవెరిజ్ పరిష్కరించిన ఇంగ్లీషు ప్రతి 1909, 1914లలో రెండు సంపుటాలుగా వచ్చింది. 1999లో థాక్‌స్టన్ చేసిన కొత్త అనువాదమూ ఉంది. అందులో కాలువ లేదు, గట్టు మీద విహారం లేదు, నూర్జహాన్ వేలూ లేదు. ఉన్నది ఆమె తల్లి. ఆవిడ పన్నీరు తయారు చేయిస్తోంది. కూజాల్లోంచి వేడి వేడి పన్నీటిని పళ్ళేల్లోకి వంపుతుంటే పైన సన్నని తెట్టు కడుతోంది. ఆవిడ దాన్ని పారబోయలేదు. కొంచెం కొంచెంగా తీసి కూడబెట్టింది. పోగైన నూనెలో ఒక్క చుక్క అరచేతికి రాస్తే సభంతా గుబాళించి, ఎన్నో గులాబీ మొగ్గలు ఒక్కసారిగా విచ్చుకున్నట్టు ఉందని చక్రవర్తి మురిసిపోయాడు. ఇంత మంచి పరిమళాన్ని ఆఘ్రాణించే యోగం తన తండ్రి అక్బరుకు లేకపోయిందే అని బాధపడ్డాడు. ఆవిడకు ముత్యాలపేట బహుమతిగా ఇచ్చాడు. అక్కడే ఉన్న సలీమా సుల్తాన్ బేగం ఆ నూనెకు 'ఇత్ర్-ఎ-జహంగీరీ' అని పేరు పెట్టింది.

ఇంతే. కొన్ని వాక్యాలు. నేను ఈ వ్యాసంలో చదవాలనుకుంటున్నది ఆ కొన్ని వాక్యాలనూ, అవి జనం నోట ఏమయ్యాయన్నదాన్నీ.

మొదట ఆ పని ఎలాంటిదో చూద్దాం. పాలు కాచి చల్లార్చే ఏ ఇంట్లోనైనా తెలిసిన పనే అది. మీగడ తీయడం. ఒక్కరోజు మీగడతో నెయ్యి రాదు. రోజూ తీసి, గిన్నెలో వేసి, పాడవకుండా చూసుకుంటూ పోగుచేస్తేనే వస్తుంది. గులాబీ నూనె కూడా సరిగ్గా అట్లాగే ప్రవర్తిస్తుంది. పూలను నీళ్ళతో కలిపి కాచి ఆవిరిని చల్లార్చినప్పుడు, ఆ పరిమళంలో కొంత భాగం నీళ్ళలో కరిగిపోతుంది. పన్నీటికి వాసన అందువల్లే. కరగని భాగం నీళ్ళు చల్లారే కొద్దీ పైకి తేలి పల్చని పొర కడుతుంది. చలివేళ అది మైనంలా గడ్డకడుతుంది కూడా. మూడు నుంచి ఐదు టన్నుల పూలు కాస్తే గానీ ఒక కిలో నూనె రాదు. అంటే ఆ పళ్ళేల మీద కనబడిన తెట్టు కంటికి ఆనీ ఆననంత. చూసినవాళ్ళు అంతకుముందు కూడా ఉండే ఉంటారు. పన్నీరు అప్పటికి వందల ఏళ్ళుగా కాస్తున్నదే. తొమ్మిదో శతాబ్దంలో అల్‌కిందీ పేరు మీద వచ్చిన అరబ్బీ పరిమళ గ్రంథంలోనే బట్టీపట్టడం గురించిన పాఠాలున్నాయి. కనుక ప్రపంచంలో మొట్టమొదట గులాబీ నూనెను తీసింది ఈవిడే అని వాదించడం నాకు ముఖ్యం కాదు. 'మొదటి స్త్రీ' పట్టికలంటే మన పత్రికలకు ఉన్నంత మోజు నాకు లేదు. ఆమె ఆ తెట్టును చూసి వదిలేయలేదు అన్నదే నాకు ముఖ్యం. వేడి తగ్గకముందే వంపడం, పళ్ళెం వెడల్పుగా ఉండటం, కదపకుండా ఆగడం, తీసినదాన్ని దాచడం, ఇవన్నీ తెలిసిన మనిషి ఆమె. వంటింటికీ ప్రయోగశాలకూ మధ్య గోడ లేని చోట నిలబడి ఆ పని చేసింది.

ఆమె పేరు అస్మత్ బేగం. ఈ పేరు అత్తరు సంగతి చెప్పే వాక్యంలో లేదు. అక్కడ ఆమె 'నూర్జహాన్ బేగం తల్లి' మాత్రమే. ఇందులో ఒక చిన్న తిరకాసుంది. మెహరున్నిసాకు నూర్జహాన్ అన్న బిరుదు వచ్చింది 1616లో. 1614 నాటి వృత్తాంతంలో ఆ బిరుదు ఉందంటే, రాసింది తర్వాతైనా అయివుండాలి, లేదా తర్వాత దిద్దయినా ఉండాలి. ఎట్లా అయినా, రాసే చేతికి తల్లి పేరు కంటే కూతురి బిరుదే ముందు తోచింది. ఇంతకీ ఇది జహంగీర్ దుర్మార్గమని నేననడం లేదు. నిజానికి ఆ కాలపు రాజుల్లో ఒక ఆడమనిషి చేతిపనిని ఇంత శ్రద్ధగా, ఎలా వంపింది, ఎలా తీసింది అన్నదాకా రాసినవాళ్ళు అరుదు. ఆయనకు పూలూ పక్షులూ పళ్ళూ గమనించే అలవాటుంది, ఆ కన్నుతోనే దీన్నీ చూశాడు. చక్రవర్తి నిజాయితీగా రాసిపెట్టిన దాన్ని కూడా జనశ్రుతి చెరిపేసిందంటే ఆ చెరుపుకు ఎంత బలముందో ఆలోచించండి.

ఏం చెరిపింది? తల్లిని తీసి కూతుర్ని పెట్టింది. పెద్దావిడను తీసి పడుచును పెట్టింది. పళ్ళేన్ని తీసి కాలువను పెట్టింది. కొన్ని రోజుల పనిని ఒక్క క్షణపు సరసంగా మార్చింది. అస్మత్ బేగం అప్పటికి పెద్ద పిల్లలున్న గృహిణి, గియాస్ బేగ్ భార్య. అలాంటి మనిషిని పరిమళానికి పక్కన నిలబెట్టడానికి కథకు మనసొప్పదు. పరిమళం కథ ప్రేమకథే కావాలి, ప్రేమకథలో అందగత్తే ఉండాలి. మనవాళ్ళ ఊహలో సువాసన అనేది స్త్రీ నుంచి వెలువడేదే గానీ స్త్రీ తయారుచేసేది కాదు.

ఈ కథలో నష్టపోయింది తల్లి ఒక్కతే అనుకుంటే పొరపాటు. నూర్జహాన్ పేరున నాణేలు అచ్చయ్యాయి. ఆమె ఫర్మానాలు జారీచేసింది. ఝరోకాలో కూర్చుంది, పులులను వేటాడింది. ఎలిసన్ బాంక్స్ ఫిండ్లీ 1993లోనూ, రూబీ లాల్ 2018లోనూ రాసిన పుస్తకాలు ఆ పాలకురాలిని మళ్ళీ మన ముందు నిలబెట్టాయి. జనానికి గుర్తున్న నూర్జహాన్ మాత్రం అత్తరు కనిపెట్టిన, పావురాలు వదిలేసిన సుందరి. అంటే తల్లి నుంచి అత్తరును తీసి కూతురికిచ్చారు, కూతురి నుంచి రాజ్యాన్ని తీసి ఆ ఖాళీలో అత్తరును ఉంచారు. ఒక్క సీసాతో ఇద్దరి పనీ కనబడకుండా పోయింది.

ఇక పేరు పెట్టిన సలీమా సుల్తాన్ బేగం. బాబరుకు మనుమరాలు, మొదట బైరాంఖాన్ భార్య, అతను చనిపోయాక అక్బరు భార్య. బాగా చదువుకున్న మనిషి. కవిత్వం రాసేది. 'మఖ్ఫీ' ఆమె కలంపేరు. మఖ్ఫీ అంటే దాగి ఉన్నది. (తర్వాత తరంలో ఔరంగజేబు కూతురు జేబున్నిసా కూడా అదే పేరుతో రాసింది. రాజుల ఇళ్ళలో రాసే ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు 'దాగినదాన్ని' అనే సంతకం ఎంచుకోవడం గురించి ఎవరైనా విడిగా రాయాలి.) సలీమా 1612-13 చలికాలంలో చనిపోయింది, కనుక ఆ పళ్ళేల రోజు అంతకంటే ముందుదే. అక్కడ ఇద్దరు పెద్ద ఆడవాళ్ళున్నారు. ఒకరు చేశారు, ఒకరు పేరు పెట్టారు. పెట్టిన పేరు మాత్రం సింహాసనం మీదున్న మగవాడిది.

ఇది లొంగుబాటా, లౌక్యమా? స్త్రీవాద విమర్శలో మనం ఇలాంటి చోట తొందరపడి తీర్పు చెప్పేస్తుంటాం. రాజు పేరు పెడితేనే ఆ వస్తువు రాజు పుస్తకంలోకి ఎక్కుతుందని ఆ కవయిత్రికి తెలిసే ఉంటుందని నా అనుమానం. ఎక్కింది కూడా. ఆ పేరు లేకపోతే ఆ వాక్యాలు లేవు, అవి లేకపోతే ఈ రోజు అస్మత్ బేగం గురించి మాట్లాడటానికి మన చేతిలో ఏమీ లేదు. అదే పేరు కింద ఆమె పేరు కప్పబడిపోయిందన్నదీ నిజమే. రెండూ ఒకేసారి జరిగాయి.

ఆగ్రాలో యమున ఒడ్డున తెల్లని పాలరాతి సమాధి ఒకటుంది. 1622, 1628 మధ్య నూర్జహాన్ కట్టించింది. గోడల నిండా రంగురాళ్ళు పొదిగిన పూలు, పూలకుండీలు, సన్నమెడ సీసాలు. అస్మత్ బేగం 1621లో చనిపోయింది, భర్త గియాస్ బేగ్ కొన్ని నెలలకే 1622లో పోయాడు. ఇద్దరూ ఆ కట్టడంలో పక్కపక్కనే ఉన్నారు. దాని పేరు ఇతిమాద్-ఉద్-దౌలా సమాధి. అది గియాస్ బేగ్ బిరుదు.

మొగలుల సంగతి మనకెందుకు అనుకోవద్దు. స్త్రీ నుంచి వెలువడే పరిమళం అనే ఊహ మన కావ్యాల్లో ఇంకా గట్టిగా ఉంది. మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయాల్లో దారితప్పి తిరుగుతుంటే ఒక గాలి తెమ్మెర వస్తుంది. అందులో కస్తూరితో రెట్టించిన పచ్చకర్పూరపు తాంబూలపు వాసన ఉంటుంది. ఆ వాసనను బట్టి దగ్గరలో ఒక స్త్రీ ఉందని అతనికి తెలుస్తుంది. పెద్దన చాలా గొప్పగా రాశాడు, ఆ పద్యం నాకూ నోటికొచ్చు. కానీ గమనించండి, వరూధిని కంటికి కనబడకముందే, నోరు విప్పకముందే వాసనగా పరిచయమవుతుంది. ఆ తాంబూలం ఆమె తన కోసం వేసుకున్నదే. ఆ కొండల్లో మగవాడు వస్తాడని ఆమెకేం తెలుసు? అయినా కావ్యంలో దాని పని ప్రవరుణ్ణి ఆమె దగ్గరికి తీసుకురావడం. ప్రవరుడికీ ఒక లేపనం ఉంది. సిద్ధుడిచ్చింది. అతను దాన్ని కాళ్ళకు పూసుకుని లోకం చూడటానికి బయల్దేరాడు. మగవాడి పూత అతన్ని ఎక్కడికైనా తీసుకెళుతుంది. ఆడదాని పూత ఆమె ఎక్కడుందో ఇతరులకు చెబుతుంది. ఒకే కథలో రెండు పూతలను పెట్టిన పెద్దనకు ఈ తేడా పట్టిందో లేదో గానీ, మన వ్యాఖ్యాతలకు మాత్రం పట్టలేదు.

భారతంలో మత్స్యగంధి కథ ఇంకా పదునైనది. యమున మీద పడవ నడిపే పిల్ల ఆమె. ఆమె ఒంటికి ఉన్న చేపల వాసన నిజానికి ఆమె పుట్టుక వాసన, పని వాసన, వాడ వాసన. పరాశరుడు ఆమెను కోరతాడు. ఆమె సందేహాలన్నీ తీర్చి వరం అడగమంటాడు. ఆమె తన దేహానికి మంచి వాసన కావాలంటుంది. యోజనగంధి అవుతుంది. ఆ వరం ఆమే అడిగింది కదా అనవచ్చు. నిజమే. ఎందుకు అడగవలసి వచ్చిందో ఆలోచిస్తే చాలు. తన పని వాసనను తనే అసహ్యించుకునేట్టు చేసిన లోకంలో ఆ పిల్ల ఇంకేం అడుగుతుంది? ఆ తర్వాత శంతనుడు ఆ పరిమళాన్ని పట్టుకునే వెతుక్కుంటూ వచ్చి ఆమెను చూస్తాడు. ఇక్కడా వాసనే దారి చూపిస్తుంది, ఇక్కడా దారి మగవాడికే. ఆ సువాసన మునిచ్చింది, దేహంలో నాటుకున్నది, కడుక్కుంటే పోనిది. తీసి పక్కన పెట్టే వీలు ఆమెకు లేదు.

అత్తరు అట్లాంటిది కాదు. నాకు అత్తరు మీద ఇష్టానికి సగం కారణం ఇదే. అది ఒంటిది కాదు, బట్టది. చెంగు అంచుకో, కుర్తా చేతిమడతకో, దుపట్టా కొసకో ఒక్క చుక్క. చర్మం వేడికి త్వరగా ఆవిరైపోయేది నూలు పోగుల్లో రోజుల తరబడి నిలుస్తుంది. పట్టు మీద పడితే పచ్చగా మరక కడుతుందని తెలిసినవాళ్ళు లోపలివైపు పెడతారు, లేదా దూది ఉండకు తడిపి చెవి మడతలో పెట్టుకుంటారు. బట్ట విప్పి కొక్కేనికి తగిలిస్తే పరిమళం కూడా అక్కడే ఉంటుంది. పద్మినీ జాతి స్త్రీ దేహం తామరపూవులా పరిమళిస్తుందని శాస్త్రాలు రాసినవాళ్ళకు ఇది మంచి జవాబు. వాసన నా స్వభావం కాదు, నేను పెట్టుకున్నది. ఇవాళ పెట్టుకున్నాను, రేపు పెట్టుకోకపోవచ్చు.

ఆ 'పెట్టుకోవడం' మీదే ఆంక్షలన్నీ. కళ్ళకు పరదా కట్టొచ్చు, గొంతును తగ్గించమనొచ్చు, వాసనను మాత్రం గోడ ఆపలేదు. కనుక మతాలన్నీ దాని గురించి మాట్లాడాయి. మగవాడి పరిమళం వాసన తెలిసి రంగు తెలియనిది, స్త్రీ పరిమళం రంగు తెలిసి వాసన తెలియనిది అని తిర్మిజీ సంకలనంలో ఒక హదీసు ఉంది. అది ఇల్లు దాటి వెళ్ళేటప్పటి సంగతి, ఇంట్లో ఏదైనా పూసుకోవచ్చు అని వ్యాఖ్యానించినవాళ్ళున్నారు. హైదరాబాదులో శుక్రవారం నమాజుకు వెళ్ళే మగవాళ్ళ తెల్లబట్టల మీద అత్తరు గుప్పుమంటుంది, అదే ఇంటి ఆడవాళ్ళది గదిలోనే ఆగుతుంది. మన పెళ్ళిళ్ళలో గుమ్మం దగ్గర పన్నీటిబుడ్డి పట్టుకుని నిలబడేది ఎవరు? పెళ్ళికాని ఆడపిల్లలు. వచ్చిన అందరి మీదా చల్లుతారు. ఆ గుమ్మం దగ్గర విధవరాలు నిలబడటం ఎప్పుడైనా చూశారా? గంధం, పువ్వు, పన్నీరు ఒకేసారి ఆమెకు దూరమవుతాయి. వాసన అనేది మాంగల్యపు లెక్కలో ఉంది గనక.

డెబ్బైలలో మేం శాలిబండ దగ్గర ఉండేవాళ్ళం. పక్కవాటా ఆవిణ్ణి ఖాలా అని పిలిచేవాళ్ళం. ఈదు రోజున సేమ్యాతో పాటు చిన్న అత్తరు సీసా పట్టుకుని మా ఇంటికొచ్చేది. అమ్మ చెంగుకు, నా గౌను చేతికి అద్దేది. మా మేనత్త మాతోనే ఉండేది. ఇరవై రెండేళ్ళకే భర్త పోయినవాడు కావడంతో ఆమెకు పువ్వూ గంధమూ లేవు. ఆ రోజు వంటింటి గడపలో నిలబడి చూసేది. ఒక ఏడు ఖాలా ఆమె దగ్గరికి వెళ్ళి, ఏమీ అడక్కుండా, కొంగు మడత విప్పి లోపలివైపు ఒక్క చుక్క అద్ది మళ్ళీ మడిచేసింది. మేనత్త ఏమీ అనలేదు. ఆ చీర మాత్రం నెలల తరబడి ఉతుక్కి వేయలేదు. ట్రంకుపెట్టెలో అడుగున పెట్టుకుంది. దీన్ని హిందూ ముస్లిం సఖ్యత కథగా చెప్పడం సులువు, నాకు అట్లా చెప్పాలని లేదు. తర్వాత కొన్నేళ్ళకు ఖాలా భర్త పోయాడు. నాలుగు నెలల పదిరోజుల ఇద్దత్‌లో ఆవిడ సుర్మా పెట్టలేదు, అత్తరు ముట్టలేదు. గడువు దాటాక స్నానం చేసి సీసా తీసి దుపట్టాకు రాసుకుంది. అది చూసి మా మేనత్త ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆంక్ష ఇద్దరికీ ఉంది. ఒకరికి అది ముగిసే తేదీ ఉంది, ఒకరికి లేదు.

పరిమళాల మీద గ్రంథాలకు మన దేశంలో కొదవ లేదు. వరాహమిహిరుడి బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయమే ఉంది. కామసూత్రాలు చెప్పే అరవై నాలుగు కళల్లో గంధయుక్తి ఒకటి, స్త్రీలు నేర్చుకోవలసినవిగానే వాటిని చెప్పారు. అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో పరిమళాల ధరలూ పాళ్ళూ రాశాడు. మనకు దగ్గరలో బిజాపూర్‌లో రెండో ఇబ్రహీం ఆదిల్‌షా కోసం నిజాముద్దీన్ మహమూద్ 'ఇత్ర్-ఎ-నవ్‌రస్ షాహీ' అనే గ్రంథమే రాశాడు. దక్కనీ కవిత్వంలోని తోటల మీద, పరిమళాల మీద అలీ అక్బర్ హుస్సేన్ చేసిన పరిశోధన చదివితే ఆ లోకం ఎంత సంపన్నమో తెలుస్తుంది. నేర్చుకోవలసింది ఆడవాళ్ళు, రాసింది మగవాళ్ళు. అస్మత్ బేగం పాళ్ళు రాసిపెట్టలేదు. రాసినా మన దాకా రాలేదు. పళ్ళెం ఎంత వెడల్పు, ఎన్ని మణుగుల పూలు, తెట్టును దేంతో తీసింది, ఈకతోనా, దూదితోనా, వేలితోనా? చక్రవర్తికి అక్కడి దాకా ఆసక్తి లేకపోయింది.

ఇప్పుడు అత్తరు అనే మాటకు పెద్దదిక్కు ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్. అక్కడి పరిమళ ద్రవ్యాలకు 2014లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పద్ధతి పాతదే. 'దేగ్' అనే పెద్ద రాగి బానలో పూలూ నీళ్ళూ పోసి మూతచుట్టూ మట్టి మెత్తుతారు. అందులోంచి వెదురుగొట్టం 'భప్కా' అనే రాగి పాత్రలోకి వెళుతుంది. భప్కా నీళ్ళతొట్టిలో కూర్చుని ఉంటుంది, లోపల గంధపునూనె. పూల ఆవిరి వచ్చి ఆ నూనెలో కలుస్తుంది. రోజుకు ఇన్ని పూలు చొప్పున చాలా రోజులు అదే గంధపునూనెలోకి పట్టిస్తారు. అంటే మనం అత్తరు గులాబ్ అని కొనేదాంట్లో సగానికి పైగా గంధం ఉన్నట్టు. అస్మత్ బేగం తీసినది ఇది కాదు. ఆవిడది నీటి మీద తేలిన ఉత్త గులాబీ నూనె, ఇప్పటి వ్యాపారులు 'రూహ్ గులాబ్' అనేదానికి దగ్గరిది. గంధం ధర పెరిగిపోయాక చాలా చోట్ల దాని బదులు లిక్విడ్ పారఫిన్ వాడుతున్నారు. చార్మినార్ దగ్గర చవగ్గా అమ్మే సీసాలో గులాబీ ఉందో, గులాబీ వాసన వేసే రసాయనం ఉందో ధర చూస్తేనే తెలిసిపోతుంది.

కన్నౌజ్ బట్టీల ఫోటోలు పుస్తకాల్లో, పత్రికల్లో చాలా వచ్చాయి. పొగ మధ్య, చెమట కారుతున్న ఒంటితో దేగ్‌కు మట్టి మెత్తుతున్న పనివాళ్ళు మగవాళ్ళే. మంట ఎంత ఉండాలో చెవితో విని, చేత్తో తాకి చెప్పే పనితనం వాళ్ళది, దాన్ని తక్కువ చేయను. ఆ విద్య తండ్రి నుంచి కొడుక్కి పోతుందని రాస్తారు. వ్యాపారం చేసే కుటుంబాల చరిత్రలూ అట్లాగే తాతలతో మొదలవుతాయి. దుకాణం బల్ల వెనక గోడకు మాత్రం తరచుగా ఒక బొమ్మ ఉంటుంది, ముక్కు దగ్గర గులాబీ పట్టుకున్న మొగలు రాణి. ఎవరని అడిగితే నూర్జహాన్ అంటారు. పూలు మాత్రం బట్టీ దగ్గర పూయవు. అలీగఢ్, హాథ్రస్ వైపు పొలాల్లోంచి వస్తాయి. గులాబీని ఎండ ఎక్కకముందే కోయాలి. పొద్దెక్కితే రేకుల్లోని నూనె ఎగిరిపోతుంది. ఆ చీకట్లో ముళ్ళ మధ్య కోసే చేతుల్లో ఆడవాళ్ళ చేతులూ ఉన్నాయి. ఇక్కడే కాదు, బల్గేరియాలో కజాన్‌లక్ లోయలోనూ గులాబీ కోత ఎక్కువగా స్త్రీల పనిగానే సాగుతూ వచ్చింది. ఆ లోయ గురించి ఏ ప్రకటనలో చూసినా ఎర్రని సంప్రదాయ దుస్తుల్లో బుట్ట పట్టుకుని నవ్వే అమ్మాయే ఉంటుంది. కూలి ఇచ్చేది కోసిన బరువును బట్టి. ఒక్కో పువ్వు బరువు రెండు మూడు గ్రాములు.

ఈ వ్యాసం కోసం రోజర్స్, బెవెరిజ్‌ల సంపుటాన్ని మళ్ళీ తీశాను. హెన్రీ బెవెరిజ్ భార్య అనెట్ బెవెరిజ్. గుల్బదన్ బేగం రాసిన హుమాయూన్‌నామాను ఆమె 1902లోనే ఇంగ్లీషులోకి తెచ్చింది. మొగలు అంతఃపురంలోంచి ఒక స్త్రీ స్వయంగా రాసిన చరిత్ర అది. విందులు, ప్రయాణాలు, బిడ్డల చావులు, డేరాలు, బహుమతుల బట్టలు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, అన్నీ అందులో ఉన్నాయి. గుల్బదన్ 1603లో పోయింది. పళ్ళేల మీద ఆ తెట్టు కనబడటానికి కొన్నేళ్ళ ముందు. ఆమె ఇంకో పదేళ్ళు బతికి ఉంటే, సలీమా పక్కన కూర్చుని ఆ రోజు చూసి ఉంటే, అస్మత్ బేగం తెట్టును దేంతో తీసిందో మనకు తెలిసేది.